పట్టా ఒక్కటే

కట్టె తొయ్యి. ఇంకాస్త. వంగేటప్పుడు మొహం పక్కకి పెట్టుకో, లేకపోతే కనుబొమలు మాడతాయి.

ఏప్రిల్ నెల, పొద్దు వాలింది. చిలకలూరిపేట నుంచి మార్టూరు వైపు పోయే లారీల మోత పొలాల మీదుగా ఇక్కడిదాకా వస్తోంది. ఎదురుగా గుండ్రటి మట్టిగోడ, నీ ఛాతీ ఎత్తున. అదే ఆవం. కింద మంట పెట్టే నోరు, పైన తెరిచిన కడుపు. ఆ కడుపులో మూడొందల బిర్యానీ చట్లు బోర్లించి పేర్చావు. వాటి మీద పాత పెంకులు పరిచావు. పెంకుల మీద బురద మెత్తి, పొగ పోవడానికి అక్కడక్కడా సందులు వదిలావు.

మధ్యాహ్నం నుంచి సన్న సెగే. విసుగ్గా ఉంది. గబగబా మండించేస్తే రాత్రి భోజనం వేళకి పనైపోతుందిగా అనిపిస్తోంది. వద్దు. ఈ ఎండలో ఎంత ఆరబెట్టినా మట్టిలో తడి దాక్కునే ఉంటుంది. సెగ నూరు డిగ్రీలకి చేరితే అది ఆవిరై బయటికి దారి వెతుక్కుంటుంది. దారి దొరక్కముందే మంట పెంచావా, కుండ పేలుతుంది. ఒకటి పేలితే పక్కనున్న నాలుగింటిని తీసుకుపోతుంది. అందుకే చెవులు రిక్కించి కూర్చున్నావు. ఇప్పటికి రెండుసార్లు 'ఫట్' మంది. రెండుసార్లూ గుండె ఆగింది.

స్టీలు గ్లాసు తీసుకెళ్లి పైన సందు మీద బోర్లించు. లెక్కపెట్టి పది దాకా ఆగి తీసి చూడు. లోపల చెమ్మ లేదు. పొడిగా ఉంది.

"పెదనాన్నా, తడి పోయింది."

నులక మంచం మీద పడుకున్న పెద్దాయన కళ్లు కూడా తెరవడు. "అయితే ఇంకేందమ్మాయ్, తొయ్యి."

ఇప్పుడు మోపులు మోపులుగా వెయ్యి. ఫిబ్రవరి, మార్చిల్లో చేలల్లో పీకేసిన పత్తి కట్టె ఇది. గుప్పున అంటుకుంటుంది, గుప్పున ఆరిపోతుంది. ఎక్కువసేపు నిలిచే సెగ కావాలంటే సర్కారు తుమ్మ మొద్దులు పెట్టాలి. మిరప కట్టె కూడా పనికొస్తుంది గానీ, వేసే ముందు దులపాలి. దులపలేదు కదూ? కొమ్మకి ఎండిన తాలుకాయలు రెండు మూడు అంటుకుని ఉన్నాయి. పొగ నీ వైపు తిరిగింది. గొంతులో మంట. దగ్గు. కళ్లల్లోంచి, ముక్కులోంచి నీళ్లు. పెద్దాయన లేచి కూర్చుని నవ్వుతున్నాడు. ఆయనకీ దగ్గొచ్చింది, నవ్వు ఆపాడు.

నాలుగేళ్లు బీఎఫ్ఏ చదివావు. ఆ కాలేజీలో కరెంటు కిల్న్ ఉండేది. తలుపు మూసి, మీట నొక్కి, క్యాంటీన్‌కి పోయేదానివి. అద్దం మీద అంకెలు వాటంతటవే పెరిగేవి. ఇక్కడ అంకెలు లేవు. ఆవం గోడలో ఒక ఇటుక వదులుగా ఉంది, దాన్ని లాగి లోపల రంగు చూడాలి. ఇప్పుడు చూస్తే చీకటే. ఇంకా అయిదొందలు కూడా లేదన్నమాట.

జేబులో ఫోన్ వణికింది. చేతికి మసి, అయినా చూస్తావు. టౌన్లో ప్రైవేటు స్కూలు నుంచి మెసేజ్. డ్రాయింగ్ టీచర్ కావాలి, వారానికి రెండు పూటలు చాలు, ఎల్లుండి లోపు చెప్పండి. రెండు పూటలు పెద్ద సంగతేం కాదు. నెల తిరిగేసరికి చేతిలో జీతం. ఇక్కడ ఎండాకాలం కూజాలు, వినాయకచవితికి బొమ్మలు, కార్తీకానికి ప్రమిదలు, సంక్రాంతికి పొంగలి కుండలు, పెళ్లిళ్లకి ఐరేని కుండలు అమ్ముడుపోతాయి. నడుమ వానాకాలమంతా గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడమే. ఫోన్ జేబులో పెట్టు. మంట తగ్గుతోంది.

నీకంటే ముందు ఈ దారిన పోయినవాళ్లు లేకపోలేదు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్ హైదరాబాద్‌లో, బరోడాలో చదివి, గీతలకి, ఎచింగులకి పేరు తెచ్చుకుని, తర్వాత మట్టి తలలు కూడా కాల్చారు. పి.ఆర్. దరోజ్ హైదరాబాద్‌లో బొమ్మలు నేర్చుకుని, బరోడాలో సిరామిక్స్ చదివి, గోడలంతేసి పనులు చేశారు. లండన్‌లో ఎచింగ్ చదివిన బెర్నార్డ్ లీచ్ 1909లో జపాన్ వెళ్లాడు. 1911లో ఒక విందులో, అతిథులందరికీ ఇచ్చినట్టే అతనికీ మెరుగు పెట్టని ఒక కుండ ఇచ్చి రంగులు వెయ్యమన్నారు. కళ్ల ముందే దాన్ని కాల్చి చేతికిచ్చారు. అంతే, ఆ మనిషి మట్టి వైపు తిరిగిపోయాడు. 1920లో ఇంగ్లండ్‌లో సెయింట్ ఐవ్స్ అనే ఊళ్లో ఆవం కట్టుకున్నాడు. ఈ కథలన్నీ లైబ్రరీలో చదివినప్పుడు ఒళ్లు పులకరించింది. కాకపోతే వాటిల్లో ఎక్కడా చట్టికి రెండు రూపాయలు తగ్గించమనే హోటలాయన కనపడడు.

మరి మెరిసే పింగాణీ కప్పులు చెయ్యొచ్చుగా, ఎక్కువ ధర వస్తుందిగా అని నిన్ను అడగనివాళ్లు లేరు. రోడ్డు దాటి సముద్రం వైపు పోతే మోటుపల్లి. వ్యాపారులకి అభయమిస్తూ కాకతీయ గణపతిదేవుడు 1244లో శాసనం వేయించిన రేవు అది. ఆ నేలలో చైనా నుంచి ఓడలెక్కి వచ్చిన పింగాణీ పెంకులు దొరికాయి. అంటే పింగాణీని అప్పుడూ కొనుక్కున్నాం. దాన్ని కాల్చడానికి 1,200 డిగ్రీలు దాటాలి. నీ కాళ్ల కింది మట్టి వెయ్యి దాటిందంటే ఉబ్బుతుంది, కుంగుతుంది. ఒట్టి నల్లరేగడి అయితే అంతదాకా కూడా రాదు, నీడలో ఆరేటప్పుడే నెర్రెలిస్తుంది. అందుకే చెరువు మట్టి, ఎర్రమట్టి, ఇసుక కలిపి తొక్కుతావు. ఈ మట్టి ఒప్పుకునేది చట్టికి, కూజాకి, బానకి.

బాన అంటే గుర్తొచ్చింది. అటు చూడు. చింతచెట్టు కింద పచ్చి సరుకు ఆరుతోంది. కూజాలు నలభై దాకా. వాటి మధ్యలో నీ బాన, నీ నడుమెత్తు. నెలరోజులుగా చుట్ట మీద చుట్ట పెట్టి లేపుకొచ్చావు. దాని ఒంటి మీద పత్తి చేలో వంగిన ఆడవాళ్లు, మిరప కల్లంలో కూర్చుని కాయలేరే ఆడవాళ్లు. హైదరాబాద్ ప్రదర్శనకి పంపాలని నీ ఆశ. పెదనాన్న దాన్ని చూసి ఏమీ అనలేదు. నువ్వు సారె ఎక్కిన రోజున కూడా ఏమీ అనలేదు. మీ ఇళ్లల్లో ఆడవాళ్లు మట్టి తొక్కుతారు, కుండలు తడతారు, అలుకుతారు. సారె తిప్పేది మాత్రం మగవాళ్లే. ఖాదీ కమిషన్ 2018లో పథకం పెట్టి కరెంటు సారెలు పంచడం మొదలుపెట్టాక ఆ పట్టింపు కొంచెం సడలింది. కర్రతో తిప్పక్కర్లేదు, కాలితో మీట నొక్కితే చాలు. మీట ఎవరి కాలని అడగదు.

ఇటుక లాగి చూడు. కింది వరసలో ఎరుపు. చాలా ముదురు ఎరుపు, చీకట్లో అయితేనే తెలిసేంత. ఆరొందలు దాటింది. పై వరస ఇంకా నల్లగానే ఉంది.

గాలి ఆగిపోయింది.

చింతాకు కదలడం లేదు. కుక్క అరుగు కిందికి దూరింది. పెదనాన్న లేచి నిలబడి వాయవ్యం వైపు చూస్తున్నాడు. అటు మూల ఆకాశం లేదు. నలుపే ఉంది. మెరిసింది. ఇంకా చప్పుడు రాలేదు.

"ఎంతసేపట్లో?" అంటావు.

"ఎంతసేపో లేదు."

గాలి ఒక్కసారిగా వచ్చింది. దుమ్ము, ఎండుటాకులు, ఎక్కడిదో రేకు ఎగిరిన చప్పుడు. ఆవం నోట్లోంచి మంట వెనక్కి తన్నింది. పక్కకి దూకు. ఊళ్లో కేకలు. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. తడిస్తే బూజు పడుతుంది, రంగు పోతుంది. గుంటూరు యార్డులో ఎవడూ ధర కట్టడు. ఊరు ఊరంతా పట్టాలు పట్టుకుని పరిగెడుతోంది.

"బాబాయ్! ఒక పట్టా ఉంటే ఇవ్వు!"

"నాకే చాల్లేదమ్మాయ్! తేజ కాయలు, ఎటూ కాకుండా పోతయ్!" ఆగకుండానే దాటిపోయాడు. తప్పు పట్టలేవు.

నీ దగ్గర ఒక్క పట్టా ఉంది. రేకులు రెండు. రేకులు ఆవం మీదికే, అందులో ఆలోచించేదేం లేదు, పట్టా వేస్తే కరిగిపోతుంది. పట్టా దేనికి? ఇటు కట్టెల కుప్ప. అటు కూజాలు, బాన. రెంటికీ చాలదు. పెద్ద చినుకు ఒకటి నీ మోచేతి మీద పడింది.

కాళ్లు చింతచెట్టు వైపే లాగుతున్నాయి.

"యాడికి?" పెద్దాయన గొంతు ఇంత గట్టిగా ఉంటుందని నీకు తెలియదు. "పచ్చి కుండ తడిస్తే మట్టవుద్ది. మళ్లా తొక్కుకోవచ్చు. సగం కాలి తడిస్తే అది మట్టీ కాదు, కుండా కాదు. కట్టె కప్పు!"

నీకూ తెలుసు. కాలేజీలో చదివావు కూడా. ఆరొందల లోపు మట్టి ఇంకా మట్టే, అందులో దాగిన చివరి నీరు పోలేదు. పై వరస అక్కడే ఉంది. కట్టె తడిసి మంట చచ్చిందంటే, ఆ చట్లలో వేడి పులుసు పోసిన రోజున అడుగు ఊడిపోతుంది. తెలిసీ నిలబడ్డావు. ఎంతసేపు నిలబడతావ్?

పట్టా విప్పు. కుప్ప మీదికి విసురు. గాలి లాక్కుంటోంది. అంచు మీద కూర్చో. రాయి పెట్టు. ఇంకో రాయి.

వాన దిగింది.

రేకు పట్టు. రెండోది ఆయన పట్టాడు. ఆవం అంచున ఇటుకలు, వాటి మీద రేకులు. చేతులు కాల్తున్నాయి. గోనె సంచి చుట్టుకో. పెట్టేశావు. రేకు మీద నీళ్లు పడి బుస్సుమంటున్నాయి. రేకుల సందున నీళ్లు. లోపల 'టక్'. ఇంకొకటి, 'టక్'. లెక్కపెట్టకు. మంట దగ్గరికి రా. కట్టె లాగు. తొయ్యి. లాగు. తొయ్యి.

కరెంటు పోయింది. ఊరంతా చీకటి. వెలుగు నీ దగ్గరే.

మెరుపు వెలుగులో చింతచెట్టు కింద కనపడింది. కూజాల మెడలు వాలిపోయాయి. బాన ఒక పక్కకి ఒరిగింది. ఇంకో మెరుపు. ఒరిగిన పక్క లేదు. చూడకు. తుమ్మ మొద్దు తొయ్యి. పత్తి కట్టె వెయ్యి. ఊదు.

ఇటుక లాగు. కింది వరస పండుమిరప ఎరుపు. నడుమ కూడా ఎరుపే. పైన?

పైన ముదురు ఎరుపు. వచ్చింది.

ఇంకో గంట. భుజాలు పడిపోయాయి. వాన సన్నబడింది. పెదనాన్న వంగి, ఒక కన్ను మూసి లోపలికి చూశాడు. ఎన్ని డిగ్రీలని అడిగితే ఆయనకి తెలియదు. నీ లెక్కన ఎనిమిదొందలు పైనే. "చాలు. నోరు మూసెయ్," అన్నాడు. ఇటుకలు అడ్డం పెట్టి బురద మెత్తావు. పైన రేకులు, వాటి చుట్టూ వానకి జారిన బురద, కింద మూసిన నోరు. గాలి పోయే దారే లేదు. లోపల మిగిలిన కట్టె పొగలు కక్కుతోంది. ఇది ఎటు దారి తీస్తుందో ఆలోచించే ఓపిక నీకు లేదు. తడి బట్టలతోనే అరుగు మీద పడిపోయావు.

పొద్దున ఏడు గంటలకల్లా ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. హోటలాయన దిగుతూనే, "ఏమ్మా, తియ్యి తియ్యి. ఆదివారం బిర్యానీకి కావాలి," అన్నాడు.

తియ్యాలా? ఒక పెంకు తప్పించి ఎండుగడ్డి పోచ దూర్చు. కొస నల్లబడి పొగొచ్చింది. పైనే ఇంత వేడి ఉంటే అడుగున ఇంకెంతో. మట్టిలో కలిపిన ఇసుకతో ఒక చిక్కుంది. చల్లారుతూ 573 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి రేణువు ఉన్నట్టుండి కుంచించుకుంటుంది. మెల్లగా దాటితే ఏమీ కాదు. వాన వెలిసిన ఈ చల్లగాలి ఒక్కసారి తగిలిందంటే, రాత్రంతా కాపాడిన చట్టికి అంచు నుంచి అడుగు దాకా చీలిక.

"సాయంత్రం రండి."

"సాయంత్రమా! డీజిల్ ఎవరిస్తారు? ఇంకో ఊళ్లో తీసుకుంటాలే."

పోతాడా? పోవచ్చు. చేతులు బురద తుడుచుకుంటూ నిలబడు. మాట్లాడకు. ఆయన ఆవం వైపు చూశాడు, నీ వైపు చూశాడు, టీ తాగొస్తానని పోయాడు. ఆటో మాత్రం ఇక్కడే ఉంది.

ఈలోపు చింతచెట్టు కిందికి పద. బాన ఉన్నచోట మెత్తటి కుప్ప. ఒక ఆడమనిషి చెయ్యి మాత్రం కుప్పలోంచి బయటికి ఉంది. ఏడుపు వస్తే ఏడువు, ఎవరూ లేరు. తర్వాత పారతో ఎత్తి గుంటలో వెయ్యి. మట్టి బాగా నానింది, మంచిదే.

సాయంత్రం పెంకులు తీశారు. పై వరసలో రేకుల సందున నీళ్లు పడ్డవన్నీ చిట్లాయి. మిగతావి ఒక్కొక్కటీ తీసి వేలి కణుపుతో కొట్టు. ఖంగుమంటే ఇటు, బొదబొదమంటే అటు. ఇటు కుప్పే పెద్దది. కానీ రంగు! సగానికి పైగా నల్లబడ్డాయి. కొన్నిటికి అంచు, లోపలి భాగం నలుపు, అడుగు ఎరుపు. నీకు అర్థమైంది. మట్టిలో ఇనుముంది, గాలి దొరికితే అది ఎర్రబడుతుంది. రాత్రి నువ్వు గాలి మూసేశావు. పొగ మట్టిలోకి దిగింది.

ఈ రంగు నువ్వు ఇంతకు ముందు చూశావు, మ్యూజియంలో, అద్దం వెనక. సాగర్ నీళ్లు రాకముందు, 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయని తవ్వినప్పుడు పెద్ద రాళ్ల సమాధుల్లో ఇలాంటి నలుపు-ఎరుపు కుండలే దొరికాయి. వాళ్లు కావాలని చేశారు, నీకు వాన చేసిపెట్టింది. ఇది ఇప్పుడు హోటలాయనకి చెప్పకు.

"ఎర్రవి కావాలన్నాను కదమ్మా."

"ఎర్రవి నూట పది ఉన్నయ్. నల్లవి కొట్టి చూడండి, వీటికంటే గట్టివి."

కొట్టి చూశాడు. ఖంగుమంది. ఒప్పుకోవడం ఇష్టం లేక, "నీళ్లల్లో ఎందుకు ముంచుతున్నావ్?" అని మాట మార్చాడు. నువ్వు ఒక్కో చట్టినీ తొట్టిలో ముంచి తీస్తున్నావు. నల్లరేగడి నేలల్లో సన్న సున్నపు గుళ్లుంటాయి, ఎంత వడగట్టినా ఒకటో అరో మిగులుతుంది. అది ఆవంలో కాలుతుంది, తర్వాత గాల్లో చెమ్మ పీల్చి మెల్లగా ఉబ్బి, వారానికో పది రోజులకో చట్టి గోడని పెచ్చు లేపేస్తుంది. కాలిన వెంటనే నానబెడితే చాలావరకు ఆగుతుంది. ఇదంతా చెప్పావు. ఆయన విన్నాడు. నల్లవాటికి చట్టికి మూడు రూపాయలు తగ్గించమన్నాడు. నువ్వు ఒకటి అన్నావు. రెండుకి తెగింది. వాటిల్లో యాభై మాత్రం ఇవ్వనన్నావు, చేపల పులుసుకి నల్ల చట్టే అడిగే ఇళ్లు ఊళ్లో ఉన్నాయి. అందులో అయిదు నీకోసం దాచుకున్నావు. అది ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు ఎండ మళ్లీ మొదటికొచ్చింది. తెల్లవారకముందే సారె మీద పన్నెండు కాగులు తీశావు. ఒక్కదానికీ అడుగు లేదు. సారె మీద వచ్చేది మందపాటి గోడ, మెడ, మూతి మాత్రమే, కింద బొక్క. కాస్త ఆరనిచ్చి, లోపల ఎడం చేత్తో గుండ్రాయి ఆనించి, బయట కుడి చేత్తో చెక్క తెడ్డు పెట్టి కొట్టాలి. కొట్టేకొద్దీ గోడ పలచబడి కిందికి సాగుతుంది, బొక్క మూసుకుంటుంది. తెడ్డు అంటుకోకుండా బూడిద చల్లుకోవాలి. కాస్త ఆరనివ్వడం అంటే ఎంతసేపు? నిన్న ముసురుకి సాయంత్రం దాకా పట్టేది. ఇవాళ్టి ఎండకి పదకొండింటికి వేలు పెడితే అచ్చు పడుతుంది గానీ అంటుకోదు. అదే అదను. పన్నెండు దాటితే తెడ్డు వేసినచోటల్లా పగులుతుంది.

పదకొండైంది. మొదటి కాగు ఒళ్లో పెట్టుకున్నావు. టప్, టప్. బొక్క అరచేయంత. టప్. నిమ్మకాయంత.

ఫోన్ మోగింది. మోచేత్తో స్పీకర్ నొక్కావు.

"మేడమ్, స్కూలు నుంచండీ. డ్రాయింగ్ పోస్టుకి ఇవాళే ఆఖరు. వారానికి రెండు మధ్యాహ్నాలే. వస్తున్నట్టేనా?"

టప్, టప్. "ఏ వేళకండీ?"

"పదకొండు నుంచి రెండు దాకా."

బొక్క మూసుకుంది. కాగు తిప్పి అడుగు చూసుకున్నావు. పక్కన ఇంకా పదకొండు ఉన్నాయి.

"రాత్రి ఎనిమిది తర్వాతైతే వస్తానండీ."

"అప్పుడు స్కూలుండదు కదండీ!"

"నాకు అంతకుముందు తెమలదండీ," అని రెండో కాగు అందుకున్నావు.